చప్పుడు లేని గిన్నెలు

ఆ ఎండాకాలం మా ఇంటికి ఒక చెట్టు ట్రాక్టరెక్కి వచ్చింది. ముక్కలై వచ్చింది కాబట్టి చెట్టు అనకూడదేమో. కానీ దాంతో పాటు వచ్చిన వంటామె మాత్రం ట్రాక్టరు దిగుతూనే, "మెల్లిగా దించండి నాయనా, నలభై మంది నీడ అది" అని అరిచింది.

వంటామె ఊరి చివర వృద్ధాశ్రమంలో వండుతుంది. అక్కడ కొత్త భోజనాల గది కడుతూ, అడ్డం వచ్చిందని పెరట్లో చెట్టు కొట్టేశారు. దుంగలు ఏడాది పాటు గోడవారన పడి ఉన్నాయి. ఇప్పుడు ఆ చెట్టుతోనే తలా ఒక గిన్నె చెయ్యాలి. వానలు మొదలయ్యేసరికి గది తెరుస్తారట.

"స్టీలు గిన్నెలు లేవా?" అంది అమ్మ.

"ఉన్నాయి వదినా, ఉండటమే కష్టం. చేతులు వణుకుతాయా, గిన్నె జారుతుందా, ఖంగున మోగుతుందా! గదిలో ఉన్నవాళ్లందరూ అటే చూస్తారు. పడేసుకున్నవాళ్లు ఇక రెండో ముద్ద ముట్టరు. ఆకలి లేదమ్మా అని సగం కడుపుతో లేచిపోతారు. చెక్కదైతే పడినా దబ్బుమంటుంది, అంతే. ఎవరికి తెలిసింది?"

బడిలో ఒకసారి నా కంపాస్ పెట్టె కిందపడి మోగింది. తరగతంతా వెనక్కి తిరిగింది. ఆ రోజంతా నేను తల ఎత్తలేదు. అందుకే ఆమె చెప్పింది నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకుండా అర్థమైంది.

నాన్న దుంగల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బెరడు ఊడిన చోట గీతలు తిన్నగా లేవు. తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి ఉన్నాయి.

"ఇది చెట్టు కాదమ్మా, తాడు. దీన్ని పేనిందెవరో కానీ గట్టిగా పేనారు" అన్నాడు.

"అంటే చెయ్యవా అన్నయ్యా?"

"చెయ్యనని ఎవరన్నారు? తిడుతూ చేస్తానంటున్నా."

వంటామె నవ్వి నా వైపు తిరిగింది. "ఏమే మూగనోమూ, నువ్వేమంటావు?" ఆమె నన్ను ఎప్పుడూ అలాగే పిలుస్తుంది. నేను నీళ్లు నమిలాను. "అదిగో, ఒప్పుకుంది" అనేసి ఆమె ట్రాక్టరెక్కింది.

రంపపు మిల్లులో కోయించి, నడి బెండు తీసేస్తే నలభై రెండు దిమ్మలు వచ్చాయి. నలభై గిన్నెలు కావాలి. ఇంకో చెట్టు తెచ్చుకుందామంటే కుదరదు. వాళ్లకి ఆ చెట్టే కావాలి.

మా ఇంట్లో పని ఇలా నడుస్తుంది. నాన్న దిమ్మని చూసి, బయటి గుండ్రం బాడిసతో చెక్కుతాడు. లోపల తొలిచే పని, కిందటేడు నాన్న మణికట్టు పట్టేసినప్పటి నుంచి నాది. వంపు ఉలి, కొయ్యసుత్తి పట్టుకుని మా వాకిట్లో చెట్టు కింద కూర్చుంటాను. తొలిచిన గిన్నెల్ని రంపపు పొట్టులో పాతిపెడితే నెమ్మదిగా ఆరుతాయి. ఆరాక అమ్మ గాజుపెంకుతో గీకి, అవిసె నూనె పట్టిస్తుంది.

అన్నింటికంటే ముందు చేసేది, అన్నింటికంటే పెద్ద పని, చూడటం. నాన్న చూడటం అంటే కళ్లు మూసుకోవడం. చెక్కలో నార ఉంటుంది. పిల్లి వీపు మీద వెంట్రుకల్లాంటిదే అది. ఒకవైపు నిమిరితే ఊరుకుంటుంది, ఇంకోవైపు నిమిరితే లేస్తుంది. నార వాలు చూసి ఉలి దించితే పేడు చక్కగా చుట్టుకుంటూ లేస్తుంది. ఎదురుగా దించితే ఉలి మన మాట వినదు. లోపలికి దూరి, గోడని చీల్చుకుని అవతల తేలుతుంది. నాన్న దిమ్మ మీద వేళ్లకొసలు అటూ ఇటూ పోనిచ్చి, నార ఎటు వాలిందో పట్టుకుని, తెల్లసుద్దతో ఒక బాణం గీస్తాడు. ఆ బాణం వైపే నేను తొలవాలి. గీసాక ఇక మాట లేదు. తాతయ్య గీస్తే నాన్న ఎదురు చెప్పలేదు. నాన్న గీస్తే నేను చెప్పేదేముంటుంది!

మొదటి మూడు గిన్నెలు బానే వచ్చాయి. నాలుగో దిమ్మ మీద బాణం వైపు ఉలి పెట్టగానే కింద ఏదో గుర్రుమన్నట్టు అనిపించింది. వేలితో రాసి చూశాను. గుచ్చుకుంది. బాణం ఎదురుగా ఉంది. నాన్న మూడు అడుగుల దూరంలో బాడిస ఆడిస్తున్నాడు. చెప్పాలని నోరు తెరిచాను. నాదే పొరపాటేమో అనుకుని, నెమ్మదిగా రెండు దెబ్బలు వేశాను. మూడో దెబ్బకి అరచేయంత ముక్క గోడతో సహా ఊడి నా ఒళ్లో పడింది.

నాన్న లేచి వచ్చాడు. ముక్క చూడలేదు, ఉలి చూశాడు.

"సాన పట్టావా?"

"పట్టాను నాన్నా."

"పడితే ఇలా ఎందుకవుతుంది? మొద్దు ఉలితో గడ్డపార పొడిచినట్టు పొడిస్తే చెక్కేం చేస్తుంది? నీ ధ్యాస ఎక్కడుంది?"

ఉలి తీసుకెళ్లి సానరాయి మీద మళ్లీ రుద్దాను. అది అప్పటికే వెంట్రుకని తెగ్గోసేంత పదునుగా ఉంది. అయినా రుద్దాను. నలభై ఒకటి మిగిలాయి.

రెండు రోజుల తర్వాత నాన్న గీసిన ఒక బాణం పక్కన ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఆ పక్క దిమ్మ మీదా ఉన్నాయి. సుద్ద కాదు, రక్తం. నాన్న చెయ్యి చూస్తే చూపుడువేలి కొసలో అంగుళం పేడు దిగబడి ఉంది. ఆ వేలితోనే ఆయన కళ్లు మూసుకుని ఇంకో దిమ్మని తడుముతున్నాడు. అగ్గిపుల్లంత పేడు. నొప్పి అనే ఊసే లేదు ఆ మొహంలో.

"నాన్నా, వేలు" అన్నాను.

ఆయన చూసుకున్నాడు. ఒక్క క్షణం, అది ఎవరిదో వేలైనట్టు చూశాడు. తర్వాత పళ్లతో పేడు లాగి ఊసేసి, "పనిచేసే చేతికి ఇవన్నీ మామూలే" అన్నాడు.

అప్పుడు తట్టింది. టీ గ్లాసు వేడిగా ఉన్నా వేళ్లతోనే పట్టుకుంటున్నాడు. చొక్కా బొత్తాలు అమ్మ పెడుతోంది. ఆ వేళ్లకి ఏమీ తెలియడం లేదు. ఆయన నారని చూడటం లేదు, ఊహిస్తున్నాడు. ఇంకేదైనా చెట్టైతే కళ్లతో చూసినా సరిపోయేది. ఈ మెలి తిరిగిన చెట్టు దగ్గర కళ్లు మోసపోతాయి. జానెడు చెక్కలో నార మూడుసార్లు దిక్కు మార్చుకుంటుంది.

ఆ మధ్యాహ్నం నాన్న తిని పడుకున్నాక తడిబట్ట తీసుకుని దిమ్మల దగ్గరికెళ్లాను. ఒక్కోదాన్నీ నిమిరాను. ఐదు బాణాల్లో రెండు తప్పు. తుడిచేసి, నా బడిసంచిలో మిగిలిన సుద్దముక్కతో తిప్పి గీశాను. నాన్న బాణం తలకాయలాగే వెడల్పుగా గీద్దామనుకున్నాను. కుదరలేదు. నాది ఎప్పుడూ సన్నగానే వచ్చేది.

ఆ తర్వాత రోజూ అదే పని. పొద్దున ఆయన గీసేవాడు, మధ్యాహ్నం నేను దిద్దేదాన్ని. ఎండ నెత్తి మాడుస్తుంటే, అందరూ పడుకున్నప్పుడు, దొంగలా పాక్కుంటూ వెళ్లేదాన్ని. సాయంత్రానికి మోచేతి నుంచి మెడ దాకా లాగేసేది. పాత నోటుపుస్తకం వెనక పేజీలో ఏ రోజు ఎన్ని తప్పులో రాసుకునేదాన్ని. రెండు, మూడు. ఒకరోజు ఐదుకి ఐదూ. ఆ రోజు అన్నం సయించలేదు.

గిన్నెలు మాత్రం బాగా వచ్చేవి. అదే పెద్ద బాధ. నాన్న ఒక్కో గిన్నెనీ ఎత్తి వెలుతురుకి పట్టి చూసి, "చూశావా! పట్టు దొరికేదాకానే. తర్వాత ఎంతటి చెట్టైనా దారికొస్తుంది" అనేవాడు. ఆయన నడకలో కూడా ఊపు వచ్చింది. నేను తల ఊపేదాన్ని.

ఒకరోజు అమ్మ పొయ్యి దగ్గర నుంచి నా వైపు చూడకుండానే అంది. "ఆ తడిబట్ట దండెం మీద వెయ్యకు. సుద్ద అంటుకుని తెల్లగా కనిపిస్తోంది. దొడ్లో ఆరెయ్యి."

నా చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది. "నీకు తెలుసా?"

"చలికాలం నుంచే. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. వేళ్లకొసల్లో నరాలు పోయాయన్నాడు. ముప్పై ఏళ్లు సుత్తి దెబ్బలు తిన్న చెయ్యి, ఏముంటుంది?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు పరీక్షలు. చెప్పొద్దన్నారు మీ నాన్న. నాకు తెలిసినట్టు కూడా ఉండొద్దన్నారు." అమ్మ మూత పెట్టి కూర్చుంది. "ఆ మనిషికి మిగిలింది ఆ బాణం ఒక్కటే. గీసుకోనీ."

నన్ను ఒక్కదాన్నే మూగనోము అంటుంది కానీ, వంటామెకి మా ఇల్లు పూర్తిగా తెలియదు.

పొట్టులో పాతిన వాటిలో ఒకటి దానంతటదే నెర్రె ఇచ్చింది. సరిగ్గా నలభై మిగిలాయి. ఇక ఒక్కటి కూడా పోకూడదు.

ఇంకా పద్నాలుగు దిమ్మలు తొలవాల్సి ఉండగా వంటామె మళ్లీ వచ్చింది. ఈసారి వెంట దర్జీ తాత ఉన్నాడు. ఆశ్రమంలో అందరికీ గుడ్డలు సరిచేసేది ఆయనే. చేతులు వణికినా సూది వదలడట. ఆ చెట్టు మొదట్లోనే కుర్చీ వేసుకుని పదకొండేళ్లు కుట్టాడట.

"నా చెట్టుని ఏం చేస్తున్నారో చూద్దామని వచ్చాను. వద్దంటే ఈవిడ మీద పడి ఏడ్చాను, తీసుకొచ్చింది" అన్నాడు నవ్వుతూ.

"ఏడవడం కాదు అన్నయ్యా, నా చీర కుచ్చిళ్లు కుట్టనని బెదిరించాడు" అంది వంటామె.

నాన్న మొహం వెలిగిపోయింది. నులకమంచం వాల్చి కూర్చోబెట్టాడు. పూర్తైన గిన్నెలు చూపించాడు. తాత ఒకదాన్ని రెండు చేతులతో పట్టుకుని, కావాలనే కింద పడేశాడు. దబ్బుమంది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమన్నా వినపడిందా?" అని మమ్మల్ని అడిగాడు. అందరం నవ్వాం. నేను కూడా.

"చెక్కడం చూస్తారా?" అని నాన్న లేచాడు.

ఒక కొత్త దిమ్మ తెచ్చి తాత ముందు పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. వేళ్లు నెమ్మదిగా, ఎంతో నమ్మకంగా చెక్క మీద తిరిగాయి. ఆ చేతుల్ని చూస్తే ఎవరూ అనుమానించరు. సుద్ద తీసి బాణం గీశాడు. బాడిసతో పది నిమిషాల్లో బయటి గుండ్రం తేల్చేశాడు. "ఇక మా అమ్మాయి లోపల తొలుస్తుంది. మా అమ్మడి చెయ్యి చూడండి" అన్నాడు.

దిమ్మ నా కాళ్ల మధ్యకి వచ్చింది. వేలు పెట్టాను. తప్పు.

తుడవడానికి బట్ట లేదు, మధ్యాహ్నం కాదు. నాలుగు జతల కళ్లు నా మీద ఉన్నాయి. అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఒక్కమాట అంటే చాలు. "నాన్నా, అటు కాదు." మూడు మాటలు. ఆ మూడు మాటలు అంటే నాన్న ముప్పై ఏళ్లు ఈ మనుషుల ముందు కింద పడి మోగుతాయి. అందరూ అటే చూస్తారు.

ఉలి బాణం వైపే పెట్టాను. ఎంత పల్చగా తీయాలో అంత పల్చగా తీశాను. సగం దాకా లాక్కొచ్చాను. తాత ముందుకి వంగి ఆసక్తిగా చూస్తున్నాడు. అప్పుడు ఉలి కింద గుర్రుమంది. నేను ఆపేలోపే అంచు నుంచి అడుగు దాకా గోడ చీలి, పక్కకి ఒరిగింది.



నాన్న ఈసారి ఉలి అడగలేదు. చీలిన ముక్క తీసుకున్నాడు. వేళ్లతో రాయలేదు. మెల్లిగా ఎత్తి చెంపకి ఆనించి, ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిపాడు. చెంపకి తెలిసినట్టుంది. గడ్డం కింద చిన్న గీరు పడింది.

"నా వల్లే పోయింది. నేను మీద మీద పడి చూశాను, పిల్ల బెదిరింది" అన్నాడు దర్జీ తాత.

"లేదండీ" అన్నాడు నాన్న. "పిల్ల బెదరలేదు."

వాళ్లు వెళ్లిపోయాక దిమ్మల వరస ముందు కూర్చున్నాడు. నా సన్నటి బాణాలు ఒక్కోటీ చూశాడు.

"ఇవి నీవి కదా?"

తల ఊపాను.

"ఎప్పటి నుంచి?"

"నాలుగో గిన్నె తర్వాత."

"తెలిసి కూడా ఇవాళ దాన్ని ఎందుకు చీల్చావు? ఒక్కమాట చెప్పొచ్చు కదా అమ్మడూ?"

ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అదే నాకు ఎక్కడో తగిలింది.

"నువ్వు చెప్పావా నాన్నా?" అన్నాను.

నా జీవితంలో ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. నాన్న నా వైపు చూడలేదు. సుద్దముక్క దిమ్మ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి ఆయన పని దగ్గరికి రాలేదు. బాడిస చూరులో దోపేశాడు. నీళ్లు తెచ్చి పెట్టేవాడు, పేళ్లు ఊడ్చేవాడు, గుమ్మంలో కూర్చుని వీధి చూసేవాడు. చెయ్యడానికి పని లేని మనిషి ఇంట్లో ఎంత చప్పుడు లేకుండా తిరుగుతాడో అప్పుడు చూశాను. అమ్మ, "వచ్చి కూర్చోండి, మాట సాయమైనా ఉంటుంది" అంటే, "దానికొచ్చు" అనేవాడు. అంతే.

పదమూడు దిమ్మలు బయటా లోపలా నేనే చెక్కాను. బాడిస ఎత్తీ ఎత్తీ భుజాలు పుండైపోయాయి. బాణం గీసిన ప్రతిసారీ గుమ్మం వైపు చూసేదాన్ని. ఆయన వీధి వైపు చూస్తుండేవాడు. ఒక్కటి కూడా చీలలేదు. ఎవరూ వెలుతురుకి పట్టి చూడలేదు.

మబ్బులు పట్టిన రోజున కొత్త గది తెరిచారు. మమ్మల్ని పిలిచారు. ముప్పై తొమ్మిది చెక్కగిన్నెలు బల్లల మీద వరసగా ఉన్నాయి. నలభయ్యోది స్టీలుది. దాని ముందు దర్జీ తాత కూర్చున్నాడు. ఎవరెంత చెప్పినా వినలేదట. తన మూలంగానే ఒకటి పోయింది కాబట్టి స్టీలుది తనకే పెట్టమన్నాడట.

వంటామె జావ పోసుకుంటూ వెళ్లింది. గదిలో గుటకల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎక్కడో ఒక గిన్నె జారింది. దబ్బుమంది. ఎవరూ తల ఎత్తలేదు. పడేసుకున్న ముసలమ్మ దాన్ని తీసి మళ్లీ పోయించుకుంది. అమ్మ నా చెయ్యి నొక్కింది.

ఖంగుమని మోగింది అప్పుడే. గది గదంతా అటు తిరిగింది. జావ తాత పంచె మీద నుంచి నేల మీదకి కారుతోంది. ఆయన లేచి వెళ్లిపోతాడనుకున్నాను.

దర్జీ తాత చెయ్యి పైకెత్తాడు. "నేనే, నేనే! ఏం చూస్తారు? మీ గిన్నెలన్నీ మూగవి. ఇంతమందిలో ఒక్కటన్నా నోరు తెరవకపోతే వంటామెకి రెండోసారి పొయ్యాలని ఎలా తెలుస్తుంది?"

ముందు వంటామె నవ్వింది. తర్వాత గదంతా నవ్వింది. తాత వంగి, వణికే చేతులతో గిన్నె వెతుక్కున్నాడు. నవ్వుతున్నాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. అది నేను చూశాను. పక్కకి తిరిగితే నాన్న కూడా దాన్నే చూస్తున్నాడు.

ఆయన లేచి పెరట్లోకి వెళ్లాడు. నేను వెనకాలే వెళ్లాను. కొత్త గోడ పక్కనే చెట్టు మొదలు ఇంకా భూమిలోనే ఉంది. మోకాలెత్తు మోడు, చుట్టూ వేళ్లు. మిల్లువాళ్లు కూడా వద్దని వదిలేశారు. వేరుచెక్కలో నారకి తలా తోకా ఉండదు.

"ఇందులో ఒక గిన్నె ఉంటుందంటావా?" అన్నాడు.

"ఉండొచ్చు."

"నాకు తెలీదు. నువ్వే చూడాలి."

నాన్న ఇంటికెళ్లి బాడిస తెచ్చేసరికి నాలుగు చినుకులు పడుతున్నాయి. నేను మోడు మీద చేతులు పెట్టాను. సుద్ద తేలేదు. తెచ్చినా తడికి నిలవదు. ఒకచోట వేలు జారింది. ఒకచోట గుచ్చుకుంది. మళ్లీ జారింది. చాలాసేపు పట్టింది. నాన్న తొందరపెట్టలేదు. బాడిస పైకెత్తి పట్టుకుని, తల కొంచెం నా వైపు వంచి నిలబడ్డాడు.

"ఎటు?" అన్నాడు.

"ఇటు" అన్నాను.

"వినపడలేదు."

కిటికీల్లో అప్పటికే నాలుగైదు తలలు కనిపిస్తున్నాయి. వంటామె గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇటు నాన్నా!" అని అరిచాను.